పునాది మీద ఇటుకరంగు మచ్చ

మస్కట్ పక్కన అల్ మవాలేలో దర్జీ కొట్టు మీది మేడలో జైనబీ డిటెక్టివ్ ఆఫీసు. కడప నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన మనిషి. ఎవరి మీద నింద పడినా ఆమె దగ్గరికే పరుగు. ఆ పొద్దున నర్సు జూలీ డ్యూటీ బట్టలతోనే వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"మా ఆయన్ని కాపాడండి మేడమ్. కాలేబ్ అని, దుక్మ్‌లో కన్సల్టెన్సీ కంపెనీ ల్యాబ్‌లో చేస్తారు. క్యూబులు మార్చేశాడని నింద వేశారు. రేపు మీటింగ్. అక్కడ తేలకపోతే ఇంటికి పంపేస్తారు. ఈ పని మళ్ళీ ఏ దేశంలోనూ ఇవ్వరండి."

"క్యూబులంటే?" అంది సంధ్య. జగిత్యాల పిల్ల, జైనబీకి సహాయం. జైనబీ ఏం చేసినా కళ్ళింతలు చేసుకుని చూస్తుంది.

పునాది పోసిన రోజే ఆ కాంక్రీటు కాస్త తీసి ఇనుప అచ్చుల్లో పోస్తారట. గట్టిపడ్డాక నీళ్ళ తొట్టిలో నానబెట్టి, తర్వాత మిషన్‌లో నొక్కి చూస్తారట. ఆ దిమ్మల్నే క్యూబులంటారు. అవి గట్టిగా నిలబడ్డాయి గానీ అసలు పునాది నెర్రెలిచ్చింది, ముక్క కోసి చూస్తే లోపలంతా మెత్తన. అంటే తొట్టిలో దిమ్మలు ఎవరో మార్చారు. ల్యాబ్ చూసుకునేది కాలేబే.

"ముందు ఆ తావు చూస్తాం పద" అంది జైనబీ.

ఏం చెప్పను ఆ దుక్మ్ రేవు సంగతి! దారంతా ఉత్త ఇసుక. ఆ ఇసుక అంచున సముద్రంలోకి చొచ్చుకుపోయిన గోడలు, ఆకాశాన్ని గీరుతున్న క్రేన్లు. ఇంత పనికీ గీత గీసింది ఆ కంపెనీయే. ఎప్పుడో ఒక పెద్దాయన ఒక్క గదిలో, ఒక్క గీతలబల్లతో మొదలుపెట్టాడట. ఇప్పుడు ఒక దేశంలో గీసిన గీతని, వాళ్ళు నిద్రపోయే వేళకి ఇంకో దేశంలో సరిచూస్తారు. ఒక్క ఇటుక పెట్టరు, ఒక్క తట్ట మొయ్యరు. వాళ్ళు సరే అనందే మాత్రం ఒక్క స్తంభం లేవదు! జైనబీ కొంగు నెత్తిన సర్దుకుని అలా చూస్తూ నిలబడిపోయింది.

కంపెనీ తరఫు పెద్ద గంగాప్రసాద్ ల్యాబ్ తాళం తీసి, మిషన్లో నొక్కితే పగిలిన క్యూబుల ముక్కలు చూపించాడు. అన్నీ ఉత్త బూడిదరంగు.

"ఈ గది తాళాలు ఎవరి దగ్గరుంటాయి సార్?"

"ఒకటి నా దగ్గర, ఒకటి కాంట్రాక్టరు మనిషి సంజీవ్ దగ్గర. కాలేబ్ తాళం తీసేసుకున్నాం. క్యాంపు దాటి రావద్దన్నాం." అంతలో ఫోనొచ్చి ఆయన లోపలికెళ్ళాడు.

మేస్త్రి పెద్దుల్ని సంజీవ్ తీసుకొచ్చాడు. సంజీవ్ మస్కట్‌లోనే పుట్టి హాస్టళ్ళలో పెరిగిన కుర్రాడు, చొక్కా మడత నలగదు.

"పునాది పోసిన్నాడు నువ్వేం చేస్తివి నాయనా?" అంది జైనబీ.

"దేవుని పేరు జెప్పి చిటికెడు పసుపు ఏసిన అమ్మా. ఎక్కడ పోసినా ఏస్త. అచ్చులల్ల గూడ ఏసిన. అది గూడ గా పునాది పిల్లనే గద?"

సంజీవ్ నవ్వాడు. "సైట్‌లో పూజలా పెద్దులూ?"

"నవ్వు సారూ, నవ్వు. ఇంట్ల గివన్నీ జెప్పేటోళ్ళు లేకపాయె నీకు."

సంజీవ్ పని ఉందని వెళ్ళిపోయాక పెద్దులు పునాది మూల చూపించాడు. అక్కడ వెలిసిన ఇటుకరంగు మచ్చ. సంధ్య వంగి చూసి ఏదో అనబోతే జైనబీ చెయ్యి నొక్కింది.

క్యాంపులో కాలేబ్ చెప్పింది కొంచెమే. "అచ్చు విప్పినప్పుడు క్యూబుల మీద ఎర్రగా మరకుందండి. తుప్పనుకున్నా. నొక్కినరోజు సెలవులో ఉన్నానండి, జూలీకి ఒంట్లో బాలేక."

మర్నాడు అందరూ ల్యాబ్‌లో చేరారు. కాలేబ్‌నీ పిలిపించారు. వెంట వచ్చిన జూలీ గోడకి ఆనుకుని నిలబడింది. గంగాప్రసాద్ తలుపు తీసి ముక్కలు బల్ల మీద పెట్టించాడు. రెండు ముక్కల మీద పచ్చగా పసుపు!

"అదుగో పసుపు" అన్నాడు సంజీవ్. "ఇవి మన పునాది క్యూబులే. మార్చిందేం లేదు. కోసి చూసినవాళ్ళదే పొరపాటు."

జైనబీ ముక్క చేతిలోకి తీసుకుంది. "సంధ్యా, మీ ఇంట్లో హారతికి ఎర్రనీళ్ళు ఎట్ల చేస్తారు?"

"పసుపుల సున్నం కలుపుతం అక్కా."

జైనబీ సంజీవ్ వైపు తిరిగింది. "తడి సిమెంటు కూడా సున్నంలాంటిదే నాయనా. అందులో పడిన పసుపు ఎర్రబారుతుంది. పునాది మూల ఎర్రబారి వెలిసింది. కాలేబ్ చూసిన మరకా అదే, తుప్పు కాదు. ఇంత పచ్చగా ఉందంటే ఎండిన ముక్క మీద ఎవరో చల్లినారు. నిన్న నేను చూసినప్పుడు ఈ ముక్కలు ఉత్త బూడిదరంగు, అంటే ఇవి ఆ క్యూబులే కావు. పెద్దులు పసుపు మాట చెప్తే విన్నది మేమిద్దరం కాక నువ్వొక్కడివే. సార్ లోపలున్నాడు, కాలేబ్‌కి తాళం లేదు. నీకుంది."

సంజీవ్ మొహం పాలిపోయింది.

"కాంక్రీటు లారీ ఎండలో ఆగిపోయింది" అన్నాడు చివరికి. "కాంక్రీటు బిగుసుకుపోతుంటే నీళ్ళు పోయించాను. పోస్తే గట్టిదనం పోతుందని తెలుసు. తర్వాత భయమేసి మంచి కాంక్రీటుతో వేరే క్యూబులు చేసి తొట్టిలో పెట్టాను. అసలువి సముద్రంలో పడేశాను."

"నీ భయానికి నా మొగుడు బలా?" అంది జూలీ.

గంగాప్రసాద్ కంప్యూటర్ తెరిచాడు. దేశదేశాల పెద్దలు గళ్ళు గళ్ళుగా కనిపించారు, ఒకరికి పొద్దు పొడుస్తోంది, ఒకరికి దీపాలు పెట్టారు. అందరి ముందూ, "కాలేబ్ తప్పేమీ లేదు. విచారించకుండా నింద వేసిన తప్పు నాది. ఆ పునాది పగలగొట్టిస్తున్నాం" అన్నాడు. అవతలి నుంచి తెల్లజుట్టు పెద్దావిడ కాలేబ్ పేరు పెట్టి పిలిచి మరీ క్షమించమంది. అంత పెద్ద కంపెనీ ఒక్క ల్యాబు మనిషి ముందు తల వంచడం చూసి సంధ్యకి ఒళ్ళు జలదరించింది.

మధ్యాహ్నానికే మిషను వచ్చి పునాదిని పొడవడం మొదలెట్టింది. కాళ్ళ కింద నేల అదిరింది. జూలీ మొగుడి చెయ్యి పట్టుకుని చూస్తోంది.

"ఇంత కట్టి మళ్ళీ మొదటికా?" అంది.

"మొదటికే" అన్నాడు కాలేబ్. "ఈసారి నొక్కేరోజు సెలవు పెట్టను. నువ్వు జ్వరం తెచ్చుకోకు."

జూలీ అతని వీపు మీద ఒక్కటేసింది.