ముందు కుట్టి, తర్వాత కత్తిరించి

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఆ ఉదయం చలి గట్టిగానే ఉంది. చందు లంచ్ బాక్సు సర్దుకుంటూ, "అత్తయ్యగారూ, ఆ కుట్టుమిషను బల్ల జోలికి మాత్రం వెళ్లకండి. నిన్న దాని మీద కాఫీ కప్పు పెట్టానని మీ అమ్మాయి నన్నే కత్తిరించబోయింది" అని నవ్వి, కారెక్కి వెళ్లిపోయాడు.

ఉదయలక్ష్మి నేరుగా ఆ బల్ల దగ్గరికే వెళ్లింది. రిటైరయ్యేదాకా బడిలో లెక్కలు చెప్పిన మనిషి. కొలతల పని కనబడితే కాళ్లు అటే లాగుతాయి. ఐదో నెల కడుపుతో ఉన్న కూతురు హరిప్రియ, తెల్లగుడ్డ చదరాన్నీ నీలిగుడ్డ చదరాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, మూల నుంచి మూలకు పెన్సిలు గీత గీసింది. గీతకు అటొక కుట్టు, ఇటొక కుట్టు వేసింది. తర్వాత గీత వెంటే కత్తిరించి విప్పితే రెండు కొత్త చదరాలొచ్చాయి. ఒక్కోదానిలో సగం తెలుపు, సగం నీలం.

"ముందే త్రికోణాలు కోసుకుని కుట్టొచ్చుగా?"

"ఏటవాలుగా కోసిన అంచు సాగిపోతుందమ్మా. కుట్టేశాక కోస్తే కదలదు. లాస్ట్‌లో స్కేలు పెట్టి ట్రిమ్ చేస్తే అన్నీ ఒకటే సైజు."

ఉదయలక్ష్మి ఒక ముక్క తీసుకుని, కుట్టు సరిగ్గా మూలకు చేరిందో లేదో చూసింది. చేరింది. ముచ్చటేసింది. అప్పుడు బల్ల మీద పరిచిన మిగతా ముక్కల మీదకి చూపు పోయింది. అన్నీ కలిపినా పెద్దవాళ్లు కప్పుకునేంత లేవు. పొత్తిళ్లకు సరిపోయేంతే.

"ఇది... బిడ్డకా?"

హరిప్రియ తర్వాతి ముక్కను మిషను సూది కింద పెట్టింది.

"పుట్టకముందు కొత్తగుడ్డ కుట్టకూడదని తెలుసు కదే! ఒకసారి అంత జరిగాక కూడానా? తీసెయ్."

"పోయినసారి కుట్టానా అమ్మా? సాక్స్ కూడా కొనలేదు. నువ్వు వద్దన్నావు, సరేనన్నాను." హరిప్రియ గొంతు పెంచలేదు. "పాప ప్రాణం లేకుండా పుట్టింది. చుట్టడానికి మా దగ్గర గుడ్డముక్క లేదు. నర్స్ చిన్న క్విల్ట్, ఇలాంటి ముక్కల బొంతే, తెచ్చింది. ఇలాంటి పిల్లల కోసం ఊళ్లో ఆడవాళ్లు కుట్టి హాస్పిటల్‌కి ఇస్తారట. ఎవరు కుట్టారో తెలీదు. కానీ ప్రతి మూలా కలిసిందమ్మా అందులో. ఇదీ అలాంటిదే. ఈ బిడ్డకు కాదు, ఇంకెవరి బిడ్డకో."

ఉదయలక్ష్మి కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఫోనులో తనన్నది ఒక్కటే మాట: "ఇక ఆ సంగతి తలుచుకోకు." కూతురికి ధైర్యం చెప్పాననుకుంది. ఆ తర్వాత తనూ ఆ ఊసెత్తలేదు. మనవరాలిని దేనిలో చుట్టారన్న ఆలోచనే ఇన్నాళ్లూ రాలేదు.

మిషను మళ్లీ నడిచింది. ఉదయలక్ష్మి రెండు చదరాలు ముందుకు లాక్కుని, స్కేలు ఆనించి గీత గీసింది. తల ఎత్తకుండానే అడిగింది.

"పాప ఎలా ఉండేదే?"

మిషను ఆగింది.

"జుట్టు చాలా ఒత్తుగా ఉందమ్మా. నుదుటి మీదకి పడుతుంటే నర్స్ వేలితో వెనక్కి దువ్వింది. చెవులు అచ్చం నీవే."

గీసిన గీత మీద నీటిచుక్క పడింది. ఉదయలక్ష్మి దాన్ని తుడవలేదు.

"ఇంకా చెప్పు," అంది.