కలపని నూనె

పొద్దున్నే పెరట్లో మొహం కడుక్కుంటున్న వెంకటకృష్ణయ్యకు ఉతికే రాతి వెనక ఓ చిన్న సీసా కనబడింది. మీద తన అంగడి చీటీ. మూత తీస్తే నిమ్మగడ్డి నూనె వాసన, కానీ పల్చన. ముప్పై ఏళ్ళుగా పాండిచ్చేరి బజారులో తైలాలు అమ్ముతున్న మనిషి. కాగితం మీద చుక్క వేసి చూశాడు. అసలు తైలమైతే మచ్చ లేకుండా ఆరిపోతుంది. ఇది ఆరలేదు. జిడ్డు మిగిలింది.

ఇంట్లో కొత్త మనిషి ఒక్కతే, యానాం నుంచి ఆరు నెలల కిందట వచ్చిన కోడలు గిరిజ. తన సరుకులో కొబ్బరి నూనె కలిపి ఎవరికో చేరవేస్తోందని ఆయన తేల్చేసుకున్నాడు. అడిగితే సరిపోయేది. అడగలేదు. కోడల్ని అడగడం మామగారికి చిన్నతనం మరి.

రెండు రోజులు కాపు కాశాడు. ఆమె ఆ నూనెను ఇంటి కుక్క కరుప్పుకు రాస్తోంది. దానికి పొట్ట కింద చర్మం చీము పట్టి వెంట్రుకలు ఊడిపోతున్నాయి. శుక్రవారం లోపల మానకపోతే కుక్కల్ని పట్టే వైతికుప్పం మునియన్‌కిచ్చి దూరంగా వదిలించేస్తానని అత్త పంకజవల్లి గడువు పెట్టింది. ఆ ఇంట్లో గిరిజను చూసి సంతోషపడే ప్రాణి కరుప్పు ఒక్కటే.

కళ్ళారా చూసినా ఆయన అనుమానం చావలేదు. కుక్క పేరు చెప్పి ఇంకెవరికి పోస్తోందో. అయినా తన ఇంట్లో కుక్కకైనా కల్తీ నూనె ఏమిటి? సీసా ఒంపేసి, అసలు తైలం నింపి, ఉన్నచోటే పెట్టాడు.

గురువారం పొద్దున గిరిజ అది రాసింది. కరుప్పు పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు.

"ఏందే ఇది, చంపేదానికా ఇన్నాళ్ళు రాసింది?" అని పంకజవల్లి లేచింది. మునియన్‌ను ఇప్పుడే పిలిపిస్తానంది.

గిరిజ గబగబా సబ్బుతో కుక్కను కడిగింది. తర్వాత సీసా వాసన చూసి మామగారి వైపు తిరిగింది.

"ఇందులో కొబ్బరి నూనె ఏదండీ, మామయ్య గారూ? ఎవరు మార్చారు?"

"కల్తీ చేసింది నువ్వు. నన్నడుగుతావా? యాడికి పోతా ఉంది నా సరుకు?"

పశువుల ఆసుపత్రి కాంపౌండరు చెప్పాడట, గరిటెడు కొబ్బరి నూనెకు రెండే చుక్కలని, ఉత్తది రాస్తే తోలు కాలుతుందని. మామగారు నమ్మలేదు. ముప్పై ఏళ్ళుగా చేత్తో పట్టినా తనకేం కాలేదన్నాడు.

"మీ చెయ్యి గట్టిదండి. పుండు మీద రాసి చూసుకోండి."

ఆయనకు రోషం వచ్చింది. చెప్పు కరిచి తోలు లేచిన మడమకు తైలం పులిమాడు. నిప్పు పెట్టినట్టయింది. పళ్ళు బిగబట్టాడు. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఎదురుగా కరుప్పు ఎర్రబడ్డ పొట్టను నేలకు ఆనించలేక మూలుగుతోంది.

పంకజవల్లి ఇంకా కోడల్నే తిడుతోంది.

"పిల్లను అనబాకు," అన్నాడు. "మార్చింది నేను. దాన్ని దొంగ అనుకున్నా."

మునియన్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయన కుక్క దగ్గరికి వెళ్ళబోతే అది గిరిజ కాళ్ళ వెనక దాక్కుంది.

"నువ్వే రాయమ్మా. నన్ను రానీదు."

గిరిజ ఉత్త కొబ్బరి నూనె తెచ్చి ఆయన అరచేతిలో పోసింది. ఒక చేత్తో కుక్క మెడ, ఇంకో చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని దగ్గరికి తెచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. కరుప్పూ వెనక్కి జరగబోయింది. ఆ పిల్ల ఇద్దర్నీ వదల్లేదు.