పిచ్చుక గదికి కొత్త రంగు

“అమ్మా... ఊపిరి... ఆడట్లేదమ్మా...”

ఆ మాట వినగానే కోడలి గుండె గుభేలుమంది! చేతిలోని గ్లాసు ఎక్కడ పెట్టిందో ఏమో, ఒక్క అంగలో గదిలోకి వచ్చిపడింది. మంచం మీద పిచ్చుక... ఐదేళ్ళ పిల్ల, అసలు పేరు బడిలో టీచరమ్మకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు... రెండు చేతులూ పరుపుకి ఆనించి, భుజాలు ఎగరేస్తూ కూర్చుని ఉంది. గాలి లోపలికి పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది. ఛాతీలోంచి సన్నగా కూత! ఇందాకే కదా మేనత్త ఇంటి నుంచి వచ్చింది! మెట్లన్నీ గెంతుకుంటూ ఎక్కింది కదా! పసుప్పచ్చగా మెరిసిపోతున్న గది చూసి చప్పట్లు కొట్టి, గోడకి చెంప ఆనించి మరీ కిలకిలా నవ్వింది కదా! ఇంతలోనే ఏమైపోయింది తల్లీ నీకు...

“చూశావా!” గుమ్మంలో అత్తగారి గొంతు ఖంగుమంది. “అక్కడున్నన్నాళ్ళూ గువ్వలా ఉంది పిల్ల! ఒక్క తుమ్ము తుమ్మలేదు! నీ చేతిలోకి వచ్చిందో లేదో మళ్ళీ మొదలు! ఏం పెట్టావే దానికి? చల్లటి నీళ్ళు తాగించావా?”

“ఏమీ పెట్టలేదత్తయ్యా... పాలు కలుపుతున్నానంతే...”

“పెట్టకపోతే ఊరికే వస్తుందా?”

ఆవిడ చెడ్డమనిషి కాదు. మనవరాలంటే పంచప్రాణాలు. ప్రాణం పెట్టుకున్నవాళ్ళ కోపమే మరీ గట్టిగా తగులుతుంది, ఏం చేస్తాం! కోడలు మారుమాట్లాడకుండా పిల్లకి పీల్చే మందు పట్టింది. అది చాల్లేదు. అప్పటికే భర్త పరుగున వచ్చి పిచ్చుకని భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. అత్తాకోడళ్ళు అతని వెనకాలే పడుతూ లేస్తూ టాక్సీ ఎక్కారు.

దారి పొడుగునా కోడలికి ఒక్కటే భయం. పిల్ల గండం గట్టెక్కుతుంది, ఎప్పుడూ గట్టెక్కుతూనే ఉంది... కానీ ఆ తర్వాత? పోయినసారి ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే, కొన్నాళ్ళు తన దగ్గర ఉంచుకుంటానని పిల్లని తీసుకెళ్తూ ఆడపడుచు తేల్చి చెప్పేసింది. “ఈసారి మీ ఇంట్లో ఆయాసం వచ్చిందంటే పిల్ల ఇక నా దగ్గరే ఉంటుంది. మా వీధి బడిలోనే వేస్తాను. మీరు వారం వారం వచ్చి చూసుకోండి.” ఆవిడ ఊళ్ళో బస్సు నడుపుతుంది, అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు లేదు. పిల్లలు లేరు. పిచ్చుకంటే తగని ప్రేమ. భర్త తల వంచుకుని “సరే అక్కా” అన్నాడు. అత్తగారు ఎప్పుడో సరే అనేశారు. తనేమనాలి? పిల్ల అక్కడ బాగుంటోంది, ఇక్కడ బాగుండట్లేదు. కళ్ళకి కనిపిస్తున్నదాన్ని కన్నతల్లైనా ఎలా కాదంటుంది! అందుకే తనూ తలూపింది. ఊపి, వంటింట్లోకి వెళ్ళి వెక్కివెక్కి ఏడ్చింది.

ఈ ఇంటి మగమనిషి సంగతి కూడా చెప్పుకోవాలి. అతను పెయింటరు. అతను గోడకి రంగు వేస్తే చెయ్యి వేసి చూడకుండా ఎవరూ దాటిపోలేరు, అంత నున్నగా వస్తుంది. పనిలో ఎంత నేర్పో మాటల్లో అంత మొద్దు. “నువ్వంటే నాకు ప్రాణం తల్లీ” అనడానికి నోరు రాదు పాపం. కుంచె తీస్తాడు! పిచ్చుక మొదటిసారి ఆస్పత్రి నుంచి వచ్చేసరికి గది లేత నీలం. రెండోసారి గులాబీ. ఆ తర్వాత చిలకపచ్చ. పనుల్లో మిగిలిన డబ్బాలన్నీ కలిపి, వేళ్ళతో రుద్ది చూసుకుని, నచ్చేదాకా మళ్ళీ కలిపి వేసేవాడు. తడిగోడకి వీధి దుమ్ము అంటుకుంటుందని కిటికీలు బిగించి మరీ వేసేవాడు. ఈ పొద్దున పిల్ల వస్తోందని తెలిసి, తెల్లవారకుండానే లేచి పసుపు పూసి, మంచం పక్కన బాతుపిల్లల్ని కూడా గీశాడు.

ఆస్పత్రిలో ముక్కుకి మాస్కు పెట్టి మందు పట్టాక పిచ్చుక భుజాలు మెల్లగా కిందికి దిగాయి. బుగ్గల్లోకి రంగు వచ్చింది. మాస్కు లోంచే “బాతులకి పేర్లు పెట్టాలి” అంది. అప్పటికి కోడలికి ప్రాణం లేచొచ్చింది!

కబురందుకుని ఆడపడుచు డ్యూటీ బట్టలతోనే వచ్చేసింది. పిల్ల నుదురు నిమిరి, మరదలి వైపు తిరిగింది. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి.

“మరదలు పిల్లా, నన్ను తిట్టుకోకు. ఇంక నేను తీసుకెళ్ళిపోతాను.”

“అలాగే వదినా...” కోడలు పిల్ల కాళ్ళ మీది దుప్పటి సర్దింది. “రాత్రిళ్ళు కాలు నా మీద వేసుకుని గాని పడుకోదు వదినా... కాస్త చూసుకో...”

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విని, జుట్టు పక్కకి తీసి, చెవి దగ్గర వేలితో గీరింది. వేలికి పసుపు అంటింది.

“ఇదేమిటమ్మా?”

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు. కొడుకు సంగతి వస్తే ఆవిడ ఎవరినీ మాట్లాడనివ్వరు. “అది రంగు డాక్టరమ్మా! మా అబ్బాయి పొద్దున్నే వేశాడు. పిల్ల ఇంటికి వచ్చినప్పుడల్లా గదికి కొత్త రంగే! నీలం, గులాబీ, ఆకుపచ్చ... ఎవరికుంటాడండీ అలాంటి తండ్రి!”

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. “వచ్చినప్పుడల్లానా?”

“వచ్చినప్పుడల్లా...” అన్నారు అత్తగారు. ఆ మాట చివర ఆవిడ గొంతే ఆవిడకి వినపడనంత సన్నగా అయిపోయింది.

“ఇంట్లో పిల్లి ఉందా, కుక్క ఉందా, పొగ తాగేవాళ్ళున్నారా అని ఎన్నిసార్లో అడిగాను. మా ఇల్లు అద్దంలా ఉంటుందన్నారు! ఇన్నిసార్లు రంగులేస్తారని నాకేం తెలుసమ్మా! తడి రంగు నుంచి, అందులో కలిపే నూనెల నుంచి వచ్చే ఆవిరి పెద్దవాళ్ళకైతే తలనొప్పితో సరిపోతుంది. ఈ పిల్ల ఊపిరి గొట్టాలు అసలే ముక్కుమీద కోపం గొట్టాలు. ఊరికే ముడుచుకుపోతాయి. రంగొక్కటే కారణమని నేననను. జలుబుకీ దుమ్ముకీ కూడా వస్తుంది, రోజూ పీల్చే మందు మానడానికి వీల్లేదు. కానీ మూసిన కిటికీల్లో, ఆరని గోడల మధ్య పడుకోబెడితే ఆ మందు మాత్రం ఏం చేస్తుంది?”

కోడలు కుర్చీలో కూలబడిపోయింది. నేను కాదు! నా చెయ్యి కాదు! నా పాలు కాదు, నా నీళ్ళు కాదు! రెండేళ్ళుగా గుండెల మీదున్న బండరాయిని ఎవరో ఎత్తి అవతల పారేసినట్టయింది. లేచి గంతులెయ్యాలనిపించింది! అంతలోనే అద్దం తలుపు అవతల, వరండా బల్ల మీద ఒంటరిగా కూర్చున్న భర్త కనిపించాడు. గోళ్ళ నిండా పసుపు. కాలు నిలవక ఊపుతున్నాడు. ఆ సంతోషం అక్కడికక్కడే చల్లారిపోయింది.

అత్తగారు కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని పక్కకి లాగారు. “అమ్మాయ్... వాడికి చెప్పకే! వాడు తట్టుకోలేడే! బతికున్నంతకాలం ఆ చేతులు చూసుకుని కుమిలిపోతాడే! రంగులు నేనే వద్దన్నానని చెప్తాను... మిగతాది... ఎప్పట్లాగే నీ వల్లే అనుకోనీ...”

అని ఆగిపోయారు. నోటి మీద చెయ్యి వేసుకున్నారు.

“ఏమన్నానే నేను? ఇన్నాళ్ళూ తెలియక అన్నాను... ఇప్పుడు తెలిసి కూడా నీ నెత్తినే వెయ్యమంటున్నానా! నువ్వెలా పడ్డావే ఇన్ని మాటలు? ఒక్కసారైనా ఎదురు చెప్పలేదేమే పిచ్చిదానా!”

“ఏమని చెప్పను అత్తయ్యా? నా వల్లేనేమోనని నేనూ నమ్మేశాను...” కోడలి కన్నీళ్ళు కట్టలు తెంచుకున్నాయి. ఆవిడ కోడల్ని గుండెలకి హత్తుకున్నారు. పెళ్ళై వచ్చాక అదే మొదటిసారి. కాసేపటికి కోడలు కళ్ళు తుడుచుకుంది. “నన్నంటే పడతాను. కానీ ఆయనకి తెలియకపోతే పిల్ల మీది ప్రేమ ఆగక ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ డబ్బా తెరుస్తారు. నేనే చెప్తాను. నేను చెప్తే వింటారు.”

వెళ్ళి భర్త పక్కన కూర్చుని, ఆ పసుపు చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది.

“మీరు మన పిచ్చుకకి ప్రేమంతా రంగులో కలిపి వేశారండీ... గది నిండిపోయింది. కిటికీలు కూడా మూసేశారు కదా... దానికి ఊపిరాడలేదు.”

అతనికి మొదట అర్థం కాలేదు. డాక్టరమ్మ అన్నదంతా ఆమె మెల్లగా చెప్పింది. అతను తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అంత మనిషీ చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు!

“నేనా? నేనే చేశానా? నిన్ను అందరూ అంటుంటే నోరు మూసుకుని విన్నానే... ఛీ, ఈ పని మానేస్తాను!”

“మానేసి ఏం చేస్తారు, పాటలు పాడతారా? మీ పాట వింటే వీధి వీధంతటికీ ఆయాసం వస్తుంది!”

ఏడుస్తూనే అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆమెకీ వచ్చింది. “పని పనే. డబ్బాలు ఇంట్లో వద్దు. పని బట్టలు అక్కడే విడిచి, స్నానం చేసి వచ్చి అప్పుడు ఎత్తుకోండి. అంతేగా!”

వెనక నుంచి ఆడపడుచు గొంతు సవరించుకుంది. “పిల్లని నేను తీసుకెళ్తున్నాను...” అంది. కోడలికి మళ్ళీ గుండె ఆగినంత పనైంది. “...ఆ గోడలు పూర్తిగా ఆరేదాకా. నువ్వూ బట్టలు సర్దుకో మరదలు పిల్లా. తల్లి లేకుండా అది ఎందుకుండాలి! ఒరేయ్ తమ్ముడూ, ఊరందరి గోడలూ మెరిపించి, నా ఇంటికి మాత్రం ఖాళీ లేదు ఖాళీ లేదంటూ పెచ్చులూడేదాకా వదిలేశావు చూడు, అందుకే పిల్లకి అక్కడ ఊపిరాడింది, నీ బద్ధకానికి దండంరా!”

అందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. నర్సు వచ్చి కోప్పడాల్సి వచ్చింది. అయితే ఆడపడుచు నవ్వు చివర్న తల పక్కకి తిప్పుకోవడం కోడలు చూసింది. ఆవిడ పిల్ల కోసం చిన్న మంచం కొని ఉంచిందని తనకి తెలుసు.

“ఆ మంచం తీసెయ్యకొదినా. సెలవులన్నీ అది నీ దగ్గరే.”

“తీసేస్తానని ఎవరన్నారు?” అంది ఆవిడ, మరదల్ని గట్టిగా గిల్లి.

వేసవి సెలవులు దాటాక తల్లీబిడ్డలు ఇంటికి వచ్చారు. మెట్ల దగ్గర పెయింటరు సబ్బు వాసనతో, కొత్త పెళ్ళికొడుకులా తల దువ్వుకుని నిలబడ్డాడు. ముఖంలో మాత్రం కళ లేదు. పిల్లకి స్వాగతం చెప్పడానికి చేతిలో ఏమీ లేదు మరి! గదిలో అదే పాత పసుపు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి.

పిచ్చుక గుమ్మంలో ఆగి గదంతా కలయజూసింది.

“ఈసారి కొత్త రంగు వెయ్యలేదమ్మా...” తప్పు చేసినవాడిలా గొణిగాడు తండ్రి.

“నా గదే ఉంది!” పిచ్చుక అరిచింది. “అమ్మా, నా గదే ఉంది! నాన్న మార్చలేదు! ఎప్పుడొచ్చినా నా గది ఉండేది కాదు, ఇంకెవరి గదో ఉండేది! ఇప్పుడు నాదే ఉంది!”

తండ్రి నేల మీద చతికిలబడిపోయాడు. పిల్ల అతని మెడ చుట్టూ చేతులు వేసి వీపు మీదికి ఎక్కేసింది. ఇన్నాళ్ళూ ఆ పిచ్చిపిల్ల ఆ సంగతి ఎవరికీ చెప్పనేలేదు! ఇక మంచం చుట్టూ ఒకటే పరుగులు, ఒకటే కేకలు. ఎప్పుడూ “పరిగెత్తకే, ఆయాసమొస్తుంది!” అని గదమాయించే నాయనమ్మే “వాడు అటు తిరిగాడే, ఇటు నుంచి పట్టుకో!” అని ఉసిగొల్పుతున్నారు.

కోడలు అలవాటు కొద్దీ గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించింది, పిల్ల ఛాతీలో కూత వినబడుతుందేమోనని. అత్తగారు అది చూసి దగ్గరికి వచ్చి, భుజం పట్టుకుని కుర్చీ దాకా నడిపించారు.

“నువ్వు కూర్చో తల్లీ. రెండేళ్ళుగా నిలబడే ఉన్నావు. దాన్ని కాసేపు నేను వింటాను.”

కోడలు కూర్చుంది. లోపల ముగ్గురూ ఇల్లు పీకి పందిరేస్తుంటే, హాయిగా, తనివితీరా, నవ్వుతూ ఏడ్చింది.