ప్రభువు ముఖం దగ్గర మేకు

దీవెన వాళ్ల బాపు జయరాజ్‌తో వేగడం కష్టం. ఆయన జన్మలో తప్పు చేసి ఎరగడు. బస్సు తప్పిపోతే తప్పు డ్రైవర్‌ది, కూరలో ఉప్పెక్కువైతే ఉప్పుది. బోధన్ చర్చిలో పెద్దమనిషి కాబట్టి ఆదివారాలు మాత్రం ఇతరుల తప్పులు క్షమిస్తాడు.

నిజామాబాద్ బడిలో రోజంతా లెక్కలు చెప్పి, చెరుకు లారీల వెనక పాకే బస్సులో కూలబడి వచ్చే దీవెన, వారం నుంచి చర్చి దగ్గరే దిగుతోంది. ప్రార్థనకని ఇంట్లో చెప్పింది.

ఆ సాయంత్రం లోపల పంచాయితీ. చర్చి గోడ మీద ప్రభువు రాత్రి భోజనం బొమ్మ వేస్తున్న శాంతి కుమార్ రంగుల డబ్బాలు సర్దుకుంటున్నాడు.

"ప్రభువు ముఖం వచ్చే జాగల మేకు కొట్టిండు బిడ్డా," అన్నాడు జయరాజ్. "సిలువ మీద కొట్టినయి సాలవా? రేపటి సంది రావద్దన్న."

"ఎందుకు కొట్టిండ్రో చెప్పొచ్చు కదా," అంది దీవెన శాంతి కుమార్‌తో, విసుగ్గా.

"వారం సంది దినాం వచ్చి చూస్తున్నరు, మీరే అడుగుతరనుకున్న టీచర్. మీరు చూసేది గోడను కాదా?"

సిగ్గుపడే ఓపిక కూడా లేదామెకు. కానీ ఇతను పోతే రేపటి నుంచి ఈ స్టాపులో దిగే పనే ఉండదు. ఆ ఆలోచనకే ఇంకాస్త అలసట వచ్చింది.

గోడకున్న పాత క్యాలెండర్ తీసింది. అందులోనూ అదే బొమ్మ. బ్యాగులోంచి స్కేలు తీసి, బొమ్మలోని పైకప్పు దూలాల వెంబడి పెన్సిల్‌తో గీతలు లాగింది. పక్కగోడల పై అంచుల వెంబడీ లాగింది. కుడివైపువీ ఎడమవైపువీ అన్నీ వచ్చి ప్రభువు కణత దగ్గరే కలిశాయి.

"బాపు, గిటు రా. చూపంతా ఆయన దిక్కే పోవాలని ఈ బొమ్మ మొదట వేసినోళ్లు గీతలను గిట్ల దాచిపెట్టిండ్రు."

జయరాజ్ కళ్లజోడు పెట్టుకుని స్కేలు లాక్కున్నాడు. ఒక్క గీతైనా దారి తప్పుతుందేమోనని తనే మళ్లీ గీశాడు. తప్పలేదు.

"మేకుకు దారం కట్టి గీతలు కొట్టుకుంట," అన్నాడు శాంతి కుమార్ మెల్లగా. "తర్వాత మేకు పీకి, బొక్క పూడ్చి, దానిమీదనే ముఖం వేస్త."

"దారం రెండో కొస ఎవరు పడుతరు?" అడిగాడు జయరాజ్.

"నేను పడత," అంది దీవెన, అవసరమైనదానికన్నా ముందే.

జయరాజ్ కళ్లజోడు పైనుంచి ఇద్దర్నీ చూశాడు.

"మేకు సంగతిల తప్పు నాదే," అన్నాడు చివరికి. "రేపు దారం గట్టిగ పట్టు బిడ్డా. నువ్వు దినాం ప్రార్థనకొస్తున్నవనుకున్న. గది గూడ నా తప్పే."