పావురం ఎగరని ఇరవై నిమిషాలు

"మన ఏజెంట్ తిరుమల మరిపెడలో బస్సు దిగితే చస్తడు. నాలుగింటికి దిగుతడు. ఇప్పుడు టైమెంత?"

మహబూబాబాద్ నుంచి ఫోన్లో చీఫ్ వెంకట్రాం గొంతు.

"మూడు నలభై, సార్," అంది ఏజెంట్ శృతి.

"అక్కడ వాడు కలవాల్సిన మనిషిని పొద్దున్నే లేపేసిండ్రు. ముఠావాళ్లు తుపాకులతోని నిలబడ్డరు. వెంటనే మెసేజ్ పంపు."

లైన్ కట్.

జనగామ పత్తి మార్కెట్ వెనక విత్తనాల దుకాణం. దాని మేడ మీద గది, గదిలో ఒక లినక్స్ సర్వర్. తిరుమల పురుగుమందుల ఏజెంటు వేషంలో, విదేశీ ముఠా పేర్ల జాబితాతో మొగుళ్లపల్లి నుంచి బయలుదేరాడు. ఫోన్ లేదు. చెవి మిషన్‌లో కబురు వినే, బదులు పంపే చిన్న వైర్‌లెస్ మాత్రం ఉంది. దానికి కబురు చేర్చగలిగేది ఈ సర్వర్‌లోని 'పావురం' సర్వీస్ ఒక్కటే.

పావురం లేవలేదు. స్క్రీన్ మీద ఒకటే మాట: పర్మిషన్ డినైడ్.

కబురు ఎవరికి చేరాలో రాసుండే సెట్టింగుల ఫైలు పర్మిషన్లు చూసింది శృతి. ఎవరైనా చదవొచ్చని ఉంది. మళ్లీ స్టార్ట్ కొట్టింది. డినైడ్. మూడోసారీ అదే.

"సెలినక్స్ బంద్ చెయ్యి," వెనక నుంచి తోటి ఏజెంట్ ఊర్మిళ అంది. ముత్యాల కమ్మలు, ఖరీదైన అత్తరు. రాయబారుల విందుల్లో రహస్యాలు రాబట్టడంలో ఆమె దిట్ట. "ఒక్క కమాండ్. అందరం గట్లనే చేస్తం గద."

నిజమే. అందరూ అలాగే చేస్తారు. సెలినక్స్ ఆ మిషన్‌కు మొండి కాపలా. పర్మిషన్ ఉన్నా సరే, ఫైలు మీది లేబుల్ నచ్చకపోతే చదవనివ్వదు.

ఫోన్ మోగింది. "ఇంకా పంపలే? బంద్ చెయ్ దాన్ని! మనిషి పాణం పోతుంటే కాపలా ఎందుకు?"

మూడు నలభై తొమ్మిది. శృతి కమాండ్ టైప్ చేసింది. వేలు ఎంటర్ మీదికి వెళ్లింది. అంతలోనే ఒక్కటి చూద్దామనిపించింది: అసలెందుకు వద్దంటోంది? కమాండ్ చెరిపి, కాపలా తన పనంతా రాసుకునే ఆడిట్ లాగ్ తెరిచింది. అందులో ఉంది:

పావురం ఫైలు చదవబోయింది, వద్దన్నాను. ఫైలు లేబుల్: యూజర్ హోమ్.

ఈ ఫైలు ఉన్నది సిస్టమ్ ఫోల్డర్లో. అక్కడే పుట్టినా, అక్కడికి కాపీ చేసినా సిస్టమ్ లేబులే పడేది. ఎవరో తమ సొంత ఫోల్డర్లో తయారుచేసి, ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టారు. అందుకే పాత లేబుల్ వెంట వచ్చింది. ఓనర్ పేరు చూసింది.

ఊర్మిళ.

ఫైల్లో ఉన్నది తిరుమల అడ్రస్ కాదు. కాపలా తీసేస్తే పావురం ఎగిరేది, స్క్రీన్ మీద 'పంపబడింది' అని వచ్చేది. కబురు ముఠాకు చేరేది. తిరుమల బస్సు దిగేవాడు.

శృతి తల తిప్పకుండా కిటికీలోంచి కేకేసింది. "మొగిలన్నా! చక్కెర లేని చాయ్ ఒకటి!"

కిందున్న తమ మనిషికి 'ఆపదలో ఉన్నా, పైకి రా' అని దానర్థం.

వెనక పర్సు జిప్ చప్పుడు. మెడకు చల్లటి ఇనుము తగిలింది. "ఆ కమాండ్ మళ్ల కొట్టు, బిడ్డా."

"కొడ్తనక్కా. జర ఆగు, మిషన్ స్లో ఉంది."

తలుపు బద్దలైంది. హమాలీ వేషంలోని మొగిలి బస్తా కొక్కేన్ని ఊర్మిళ మణికట్టుకు వేసి లాగాడు. పిస్టల్ పేలి గుండు పైకప్పుకు తగిలింది.

"ఏందక్కా, చాయ్ తాగనియ్యవా?" అంటూ ఆమె చేతులు విరిచి కట్టాడు.

మూడు యాభై ఏడు. శృతి అడ్రస్ దిద్దింది, లేబుల్ సరిచేసింది. స్టార్ట్.

డినైడ్!

కళ్లలో నీళ్లు తిరిగాయి. లాగ్ మసకగా కనిపించింది. ఈసారి ఫైలు కాదు, కబురు బయటికి వెళ్లే దారి, పోర్టు నంబర్. పొద్దున ఎవరో మార్చారు, కాపలాకు చెప్పలేదు. అనుమతించే కమాండ్ కొట్టింది. అదెప్పుడూ నత్తే. కర్సర్ మిణుకు మిణుకుమంటోంది. "తొందరగా, నీ కాళ్లు మొక్కుత," అని మిషన్‌ను బతిమాలింది.

మూడు యాభై తొమ్మిది. పావురం లేచింది.

"మిర్చి రేటు పడింది." దిగొద్దని అర్థం.

ఒక నిమిషం. మూడు. ఆరు. జవాబు లేదు.

టింగ్.

"ఖమ్మం దాకా టికెట్ తీసుకున్న. సీటు ఇరుకు."

శృతి బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది. ఫోన్ మోగింది.

"శభాష్! జవాబు ఇక్కడ గూడ వచ్చింది. చూసినవా, కాపలా తీసేస్తేనే పని అయింది."

"తియ్యలే, సార్. ఫైలు మార్చిన ఊర్మిళక్క దొరికింది. పోర్టు గూడ ఎవరో మార్చిండ్రు, సరిచేసిన."

"మరి ఆ పోర్టు మార్చిన దొంగెవడు?"

శృతి లాగ్‌లో పేరు చూసి కళ్లు తుడుచుకుంది.

"మీరే, సార్. కాపలాకు చెప్పుడు మర్చినట్లున్నరు. మొగిలన్నను పంపాల్నా?"