ఎవరూ దిగని నీళ్ళు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయింది. ఉప్పాడకి ఇవతల, సరుగుడు తోటల పక్కనున్న సత్తిరాజు ఇంట్లో స్విమ్మింగ్ పూల్ తెరిచే కాలం వచ్చింది. పాత నీళ్ళు తోడించేశారు. నాచు పట్టిన టైల్స్ బ్రష్షులతో తోమించారు. బోరు నీళ్ళు నింపి, పటిక వేసి, ఫిల్టరు కడిగి మోటారు వేస్తే, అడుగున సూది పడినా కనపడేంత తేటగా తేరాయి నీళ్ళు. ఆదివారం స్నేహితులొస్తారు, మేకపోతుని కొయ్యాలి, చందువా చేపలు తెప్పించాలి అంటూ సత్తిరాజు ఫోన్ల మీద ఫోన్లు కొడుతున్నాడు.

అతని భార్య సూర్యకళకి మాత్రం ఒళ్ళు మండిపోతోంది. ఆ మంట ఇవాళ్టిది కాదు, పోయిన వేసవి నాటిది.

నడమంత్రపు సిరి నరాల మీద పుండని ఊరికే అనలేదు పెద్దలు. రొయ్యలు రెండు పంటలు వరసగా కలిసొచ్చేసరికి సత్తిరాజుకి ఇంటి వెనక పూల్ కావలసివచ్చింది. ఈత రాదు, ఈదే పిల్లలూ లేరు. అయినా పూల్ కట్టించాడు. దాన్ని చూసుకోవడానికి చినబాబుని పెట్టాడు. ఉప్పాడలో సముద్రం ముందుకొచ్చి ఇల్లు మింగేస్తే పడవ అమ్ముకుని, వీళ్ళ చెరువుల మీద పనికి కుదిరిన మనిషి చినబాబు. పోయిన వేసవిలో పూల్ అడుగున నీళ్ళు లాగే జాలీకి ఆకులు అడ్డం పడ్డాయి. మోటారు ఆపి దిగుతానన్నాడు చినబాబు. "ఆపితే మళ్ళీ నీళ్ళు పోసి ప్రైమింగ్ చెయ్యాలి, అదో గంట పని. దిగి లాగెయ్‌రా" అన్నాడు సత్తిరాజు. జాలీ ఊడొచ్చింది. ఆ రంధ్రం చినబాబు చేతిని మోచేతిదాకా లాక్కుంది. నడిసముద్రంలో ఈదినవాడు ఆరడుగుల నీళ్ళలో పోయాడు.

తాగి దిగాడని ఊరంతా చెప్పాడు సత్తిరాజు. చినబాబు పెళ్ళాం నూకరత్నం వచ్చి నిలదీస్తే, అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, "లోవ తలుపులమ్మ తల్లి సాక్షి, మోటారు ఆపే దింపాను" అని ఒట్టేశాడు. అమ్మవారి మీద ఒట్టేశాక ఎవరు మాత్రం ఏమంటారు? నూకరత్నం కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. కల్లు వాసన కూడా పడని మనిషి పెళ్ళాం, ఆ రోజు నుంచి తాగుబోతు పెళ్ళాం అయిపోయింది.

ఆ వేళ సూర్యకళ వంటింట్లో ఉంది. మోటారు హోరు ఆగకుండా వినపడింది ఆవిడ చెవులకి. ఆ మాటే మొగుణ్ణి అడిగితే "నోర్ముయ్" అన్నాడు. మూసుకోలేదావిడ. ఏడాదిగా ఒకటే మాట. నూకరత్నం గుమ్మంలోకెళ్ళి నిజం చెప్పండి, మోటారు ఆపలేదని మీ నోటితో చెప్పండి. సత్తిరాజు వింటేగా! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

నీళ్ళు చూడ్డం మొదట్నుంచీ సూర్యకళ పనే. చెరువుల్లో ఉప్పు ఎంత, అమ్మోనియా ఎంత, రొయ్యకి ఊపిరి చాలుతోందా లేదా అన్నీ ఆవిడే చూస్తుంది. పూల్‌కి పనివాళ్ళెవరూ రామన్నారు. ఎందుకు రామన్నారో సత్తిరాజు అడగలేదు. దాంతో ఆ శనివారం పూల్ నీళ్ళు కూడా ఆవిడ నెత్తినే పడ్డాయి.

పొద్దున్న రెండు గాజు గొట్టాల్లో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేసింది. ఒకటి లేత గులాబీ రంగుకి తిరిగింది, పీహెచ్ సరిపోయింది. రెండోది తెల్లగానే ఉంది, క్లోరిన్ లేదు. లేకపోవడం సహజమే, ఇంకా వెయ్యలేదు కాబట్టి. పొడి బకెట్లో కలిపి చుట్టూ పోసింది. కాసేపాగి చూస్తే గొట్టం చక్కగా పసుపెక్కింది.

మధ్యాహ్నం మళ్ళీ చూసింది. తెల్లగా ఉంది.

ఎండకి ఎగిరిపోయిందేమోననుకుని ఇంకో బకెట్ పోసింది. పొద్దు వాలాక చూసింది. చుక్క పసుపు లేదు. పైగా ఏదో వాసన. మందు వాసన కాదు. చెమట వాసన, తడి వల వాసన. ఆవిడ చికాగ్గా కాకినాడలో మందులమ్మే కొట్టు అతనికి ఫోన్ చేసింది.

"మీ పొడి కల్తీదా ఏంటండీ? ఎంత పోసినా నిలవట్లేదు."

"పొడి మంచిదేనండి. జనం ఎక్కువ దిగితే ఒంటి మురికి క్లోరిన్‌ని తినేస్తుందండి. ఎంతమంది దిగారండీ?"

"ఎవరూ దిగలేదు."

"భలేవారే, దిగకుండా ఎలా ఖర్చవుతుందండీ?" అని నవ్వి పెట్టేశాడు.

అప్పుడు ఆవిడ చేసిన పని పూల్ ఉన్న ఇంట్లో ఏ ఇల్లాలూ చెయ్యదు. చెరువు గట్ల మీద బతికిన చెయ్యి కదా, ఊరుకోలేదు. వరండాలో వేలాడుతున్న ఆక్సిజన్ మీటర్ తెచ్చి దాని తీగ పూల్‌లోకి వదిలింది. చెరువులో ప్రాణాలెన్ని ఉంటే నీళ్ళలో ఊపిరి అంత తరుగుతుంది. రాత్రిళ్ళు ఆ అంకె పడిపోతుంటే నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు వేసుకోవడం ఇక్కడి రైతులందరికీ అలవాటే. ఈ నీళ్ళలో చేప లేదు, రొయ్య లేదు, నాచు కూడా లేదు. అంకె ఏడు దగ్గర నిలబడాలి.

ఏడు చూపించింది. ఆరున్నర అయింది. ఆరు.

మీటర్‌ని అరచేత్తో తట్టింది. తీగ పైకి లాగి, తుడిచి మళ్ళీ వదిలింది. అయిదున్నర... అయిదు...

అసుర సంధ్య వేళ. సరుగుడు చెట్లలో గాలి ఆగిపోయింది. పూల్ మీద చిన్న అల కూడా లేదు. అడుగు దాకా కనిపిస్తోంది, ఏమీ లేదు. కానీ ఆ నీళ్ళలో ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు... తీసుకుంటూనే ఉన్నారు.

"ఏవండీ! ఇలా రండి."

సత్తిరాజు లుంగీ ఎగ్గట్టుకుని ఫోన్‌తో వచ్చాడు. "ఏంటే నీ గోల? నీళ్ళు రెడీయేనా?"

"అంకె చూడండి. ఇందులో ఎవరో ఉన్నారు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అయింది అతని పని. "ఎవరుంటారు? ఎవరుంటారే? వాడు పోయి ఏడాదైంది!"

"వాడని నేనన్నానా?"

సత్తిరాజు మొహం కందగడ్డయింది. "రేపు పెద్దవాళ్ళొస్తున్నారు. ఈ దిక్కుమాలిన మాటలు వాళ్ళ ముందు అన్నావంటే చంపేస్తాను."

"చంపండి. ఒకణ్ణి చంపారుగా, అలవాటే. రేపెవరూ ఇందులో దిగడానికి వీల్లేదు. ముందు ఆ రత్నం దగ్గరికెళ్ళి నిజం కక్కండి. అమ్మవారి మీద దొంగ ఒట్టేసిన నోటితోనే కక్కండి. లేకపోతే పొద్దున్నే ట్రాక్టర్ మట్టి తెప్పించి దీన్ని పూడ్చేస్తాను."

"పూడుస్తావా? చూడు, నేనే దిగుతాను. ఏముందో చూపిస్తాను నీకు." చొక్కా విప్పి కుర్చీ మీద విసిరాడు.

ఆవిడకి అడ్డుకోవాలనే ఉంది. కానీ ఏడాది కోపమే ముందు బయటికొచ్చింది. "దిగండి. దిగి చావండి!" అంది.

అనేసి గోడ దగ్గరికి పరిగెత్తి మోటారు స్విచ్ తీసేసింది. ఎంత కోపమొచ్చినా ఆ పని మాత్రం మర్చిపోలేదావిడ. ఆపాక వెనక్కి తిరిగి రెండడుగులు వేసి ఆగిపోయింది.

హోరు ఆగలేదు.

మళ్ళీ వెళ్ళి చూసింది. స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. మెయిన్ కూడా దింపేసింది. ఇంట్లో దీపాలన్నీ ఆరిపోయాయి. మసక చీకట్లో మోటారు సన్నగా... ఒకే స్వరంతో... మోగుతూనే ఉంది.

"పైకి రండి!" అంది.

సత్తిరాజు మెట్లు దిగి గుండెల్లోతు నీళ్ళలో నిలబడ్డాడు. "చూశావా? ఏముంది?" అంటూ చేతులు చాపాడు. నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. కిందికి చూశాడు.

"కళా," అన్నాడు మెల్లగా. ఎప్పుడో పెళ్ళైన కొత్తలో పిలిచిన పిలుపది. "కాలు..."

మునిగిపోయాడు.

చప్పుడు లేదు. బుడగ లేదు. అంతసేపూ తేటగా ఉన్న నీళ్ళు నల్లగా ఉన్నాయి. సూర్యకళ ఆకులు తీసే పొడుగాటి వల కర్రని నీళ్ళలోకి పొడిచింది. అడుగు తగిలింది. అటు పొడిచింది, ఇటు పొడిచింది. మనిషి తగల్లేదు.

"వదులు! వదలరా ఆయన్ని! పాపాత్ముడే కానీ, వదులు!" అని అరిచింది. ఎవరి మీద అరుస్తోందో ఆవిడకే తెలీదు. కోపం, ఏడుపు కలిసిపోయాయి.

అవతలి గట్టున నీళ్ళు కదిలాయి.

మెట్లు లేని వైపు... లోతు ఎక్కువున్న వైపు... సత్తిరాజు చేతులు ఆనించి ఒక్క ఊపున గట్టెక్కాడు. ఈత రాని మనిషి. నిలబడి తల విదిలించి, రెండు చేతులతో మొహం మీద నీళ్ళు వెనక్కి తోసుకున్నాడు.

"ఏవండీ... బాగానే ఉన్నారా?"

ఆవిడ వంక చూడలేదు. కుర్చీ మీద చొక్కా తీసుకోలేదు, చెప్పులు వేసుకోలేదు. వీధి చివరికైనా కారు లేకుండా వెళ్ళని మనిషి, ఒళ్ళంతా నీళ్ళు కారుతుండగా గేటు తీసుకుని ఉప్పాడ రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

సూర్యకళ వల కర్ర కింద పడేసింది. సిగ్గుతో పోయాడా, భయంతో పోయాడా? పోనీ, బతికి పోయాడు. అదే చాలనుకుంది.

గేటు చప్పుడు చెవుల్లో ఉండగానే ఫోన్ మోగింది. నూకరత్నం.

"ఏంటండీ అమ్మగారూ ఈ ఆటలు?" గొంతు కోపంతో వణుకుతోంది. "పేదోళ్ళమంటే అంత లోకువా మీకు?"

"ఏమైంది రత్నం?"

"మీ అయ్యగారు తడిబట్టలతో మా గుమ్మంలో నిలబడ్డారండి."

ఉప్పాడ ఇక్కడికి అరగంట నడక. సూర్యకళ గేటు వైపు చూసింది. రెక్క ఇంకా ఊగుతోంది.

"రత్తాలూ, ఆకలేస్తందే, అన్నం పెట్టవే అంటన్నారండి. నన్నలా పిలిచే మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడండి. ఆ పేరు మీ అయ్యగారికి ఎవరు చెప్పారు?" కాసేపు ఏడుపు వినపడింది. తర్వాత గుసగుసగా, "ఇంకో మాటన్నారండి. మోటారు ఆపలేదే అన్నారు. నేను తాగలేదే... వాడు మోటారు ఆపలేదే... అన్నారండి."

ఏడాదిగా ఏ మాట కోసం కొట్లాడిందో ఆ మాట చెప్పవలసిన గుమ్మంలో చెప్పడం అయిపోయింది. మొగుడి నోటితోనే చెప్పడం అయింది. సూర్యకళకి సంతోషం కలగలేదు.

"అన్నం పెట్టమంటారా అమ్మగారూ?" అంది నూకరత్నం. ఇప్పుడా గొంతులో కోపం లేదు.

సూర్యకళ ఫోన్ చెవి మీంచి దించింది. మోటారు హోరు ఎప్పుడో ఆగిపోయింది. పూల్ ఖాళీగా ఉంది. తీగ ఇంకా నీళ్ళలోనే ఉండగా, గట్టు మీద పడున్న మీటర్ అద్దంలో చిన్న వెలుగు కనిపించింది. వంగి చూసింది.

నాలుగు... మూడున్నర... మూడు...

ఇందాకటిలా నిదానంగా కాదు. గబగబా, ఈత రానివాడి ఊపిరిలా.

ఆవిడ గట్టు మీద మోకాళ్ళు ఆనించి నీళ్ళ దగ్గరికి వంగింది. "ఏవండీ?" అని పిలిచింది, తనకే వినపడనంత మెల్లగా.

అంకె ఆగింది.