వియ్యాలవారి ముందు తిన్న ముద్ద

"ఏమిటీ అవతారం వదినా! పీనుగులా తయారయ్యావు! రేపు పెళ్ళికొడుకు తరఫు ఆడవాళ్ళు నిన్నిలా చూస్తే ఇంకేమన్నా ఉందా?"

ఆడపడుచు దూఫీ అరుపుకు కొనాడు చేతిలోని పళ్ళెం కింద పెట్టింది. అందులో ఉన్నది ఉడికించిన ఆకుకూర, చిన్న చేపముక్క. చక్కెర జబ్బని డాక్టరు చెప్పిన నాటినుంచి అదే ఆమె తిండి. ఒంట్లో ఎంతో హాయిగా ఉంది. కానీ కుమాసి బజారులో ఆ మాట ఎవరు నమ్ముతారు? చిక్కిపోతే ఎయిడ్సేనట! బేరానికొచ్చేవాళ్ళు ఆమె గుడ్డల కొట్టు దాటి, గుసగుసలాడుతూ పక్క కొట్టుకు పోతున్నారు...

"చక్కెర జబ్బని చెప్పేద్దాం దూఫీ..."

"చెప్పు, చెప్పు! మన వంశంలో రోగాలేమున్నాయో ఆరా తీయడానికే కదా వాళ్ళొచ్చేది! నీ కూతురు తివాకి ఈ సంబంధం తప్పిపోతే ఆ పాపం నీదే. నోరు మూసుకుని తిను!"

తల్లి మనసు కదా... తిన్నది! కూతురికి కూడా జబ్బు సంగతి చెప్పకుండా, వియ్యపురాలు అఫ్రకోమా ఎదుట కూర్చుని, వేరుశనగ పులుసులో దంచిన కర్రపెండలం ఫుఫు ముద్దలు ముంచి నవ్వుతూ మింగింది. పెళ్ళిదాకా అలాగే మింగింది. "మొగుడు బాగా చూసుకుంటున్నాడే!" అని పెళ్ళిలో అందరూ మళ్ళీ ఒళ్ళు చేసిన ఆమె బుగ్గలు పుణికారు. బూట్ల లోపల పాదం పుండై రసి కారుతుంటే, కొనాడు అందరితో కలిసి చిందేసింది.

వానలు మొదలయ్యేసరికి ఆమె కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

ఆస్పత్రి మంచం పక్కన కూలబడి అఫ్రకోమా వెక్కి వెక్కి ఏడ్చింది. "నాకూ ఉంది వదినా ఈ మాయదారి జబ్బు...! పిల్లనివ్వరేమోనని దాచాను. ఆ రోజు మీ ఇంట్లో ఆ ముద్దలు నేనూ భయపడుతూనే మింగాను!"

కొనాడుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరికొకరు భయపడి ఇద్దరూ విషం తిన్నారన్నమాట!

గుమ్మంలో నిలబడి అంతా విన్న తివా, ఆరో నెల కడుపుతో మెల్లగా లోపలికి వచ్చింది.

"నా రక్తంలోనూ చక్కెర ఉందన్నారమ్మా... అత్తయ్యకి తెలిస్తే వెళ్ళగొడుతుందని ఎవరికీ చెప్పలేదు. ఆవిడ పెట్టిందల్లా తింటూనే ఉన్నాను..."

కొనాడు కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఎందుకు దాచావని అడగడానికి మాత్రం ఆ తల్లికి నోరు రాలేదు.